నాకు పని మాఫీ చేశారు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా ఆవిడ అంటుంది. నిజమే, జుట్టు నల్లగానే ఉంది, మోకాళ్లు మాట వింటున్నాయి. కానీ మాస్కులు కట్టుకుని తిరిగిన ఆ కాలం తలుచుకుంటే ఎవరో ముసలాయన చెప్పే పాత కథలా ఉంటుంది. ఆ రోజుల్లో పక్కింటికి వెళ్లడం నేరం, బస్సులో దగ్గడం ఇంకా పెద్ద నేరం. నేనప్పుడు ఈ పరాయి దేశంలో డండాక్ అనే ఊరికి చదువుకోవడానికి వచ్చిన తెనాలి కుర్రాణ్ణి. చదువంటే కెమెరా ఆపేసి దుప్పటి కప్పుకుని లాప్‌టాప్ ముందు కూర్చోవడం. ఉద్యోగాలు పోయినవాళ్లకి ప్రభుత్వం సాయం చేసింది గానీ, నేను విమానం దిగేసరికే పార్ట్‌టైమ్ పని దొరికే హోటళ్లన్నీ మూసేశారు కాబట్టి, పోగొట్టుకోవడానికి నా దగ్గర ఉద్యోగమే లేదు.

అద్దె తక్కువని టౌన్ బయట, గొర్రెల మధ్య ఒక ఇంట్లో నలుగురం కుర్రాళ్లం ఉండేవాళ్లం. మాలో వరంగల్ నుంచి వచ్చినవాణ్ణి లీడర్ అనేవాళ్లం. మేమెవరం ఎన్నుకోలేదు, తనే అయ్యాడు. తెచ్చుకున్న పచ్చళ్లు అడుగంటి, బియ్యం గ్లాసుతో కాక గుప్పిటతో కొలిచే దశ వచ్చినప్పుడు, టౌన్‌లో ఒక హాల్లో వారానికోసారి సరుకుల సంచి ఇస్తున్నారని లీడరే కనుక్కొచ్చాడు. బంగాళాదుంపలు, పాస్తా, బీన్స్ డబ్బాలు, పాలు. షరతు ఒక్కటే, సంచి తీసుకునే ఇంటి నుంచి ఒకరు వారానికి రెండు గంటలు హాల్లో పని చెయ్యాలి. అయితే అయిదు కిలోమీటర్లు దాటి తిరగొద్దని ఆంక్షలున్న కాలం గనక, ఆ హద్దు అవతల ప్రాంతాల వాళ్లకి మాత్రం పని మాఫీ. సంచి కూడా వాళ్ల ఇంటికే తెచ్చిస్తారు. ఫోన్లో కొలిస్తే మా ఇల్లు సరిగ్గా ఆరు కిలోమీటర్లు.

“అరే, మనకు పని మాఫీ అంటరా! సంచి గుమ్మంల పెట్టి పోతరంట. గ్రాండ్!” అన్నాడు లీడర్. (ఈ దేశంలో దిగిన మూడో రోజు నుంచే, ఇక్కడివాళ్లలా ‘బాగుంది’ అనడానికి బదులు గ్రాండ్ అనడం మొదలుపెట్టాడు.) మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. “మనమేమన్నా కాళ్లూ చేతులూ లేనోళ్లమా? ఊరికే తినడానికి సిగ్గుండాలి” అన్నాను. ముగ్గురూ నన్ను జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. అప్పుడు దాన్ని ఆత్మగౌరవం అనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను కదా, అసలు సంగతి అది కాదు. అన్నం కన్నా నాకు పని ఎక్కువ కావాలి. ఈ దేశానికి వచ్చి రెండు నెలలైనా, ‘ఇది కాస్త పట్టుకో బాబూ’ అని ఒక్కరు కూడా నన్ను అడగలేదు. పొద్దున్నే ఎందుకు లేవాలో తెలియక మధ్యాహ్నం దాకా పడుకునేవాణ్ణి.

అందుకని మర్నాడు ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ హాలుకి వెళ్లాను. అక్కడ పెత్తనమంతా ఊదారంగు స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడది. మనసులో ఆవిడకి హాలు పిన్ని అని పేరు పెట్టుకున్నాను. “ఎక్కడుంటావు నాన్నా?” అని అడిగింది. (మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో.) నిజం చెబితే పని ఇవ్వరు. దారిలో చూసిన ఒక ఆకుపచ్చ తలుపు గుర్తొచ్చి, “ఆ వెనక వీధిలో, పద్నాలుగో నంబరు ఇల్లండీ” అనేశాను. పిన్ని కళ్లజోడు మీంచి నన్ను కాసేపు చూసి, “సరే, ఆ దుంపలు ఏరు” అంది.

ఆ రెండు గంటలూ నేను పొందిన ఆనందం చెబితే నవ్వుతారు. పెద్ద దుంపలొక పక్క, చిన్నవొక పక్క, కుళ్లినవి బకెట్లోకి. ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు. తర్వాత సంచి భుజానేసుకుని ఆరు కిలోమీటర్లు వెనక్కి. “ఇంటికొచ్చేదాన్ని మోసుకొస్తున్నవ్, నీకు పిచ్చి లేసింది మామా” అని లీడర్ తల పట్టుకున్నాడు. కానీ ఆ రాత్రి నేను పడుకోగానే నిద్రపోయాను, మర్నాడు ఏడింటికే లేచాను. ఇక వారమంతా ఆ రెండు గంటల కోసమే ఎదురుచూసేవాణ్ణి. అబద్ధం బయటపడితే అవి కూడా పోతాయని ఒకటే భయం.

మూడో వారం ఆ భయం యూనిఫాం వేసుకుని ఎదురొచ్చింది. సంచితో హాలు దాటి రౌండెబౌట్ దగ్గరికి వచ్చేసరికి వాన. అక్కడ కార్లు ఆపుతున్న గార్డు (ఇక్కడ పోలీసుని అలాగే అంటారు) నన్నూ ఆపి ఎక్కడుంటావని అడిగాడు. అయిదు కిలోమీటర్లు దాటానంటే జరిమానా అంటాడో, వీసా అంటాడో! నోట్లోంచి మళ్లీ ఆ పద్నాలుగో నంబరే వచ్చింది. ఒక్క వాక్యంలో నాలుగుసార్లు సార్ అన్నాను. (అన్ని సార్లంటే మన ఊళ్లో పోలీసు మెత్తబడతాడు, ఇక్కడ అనుమానపడతాడు.) “ఆ వీధి నీ వెనకుంది కదా, ఇటు పోతున్నావేం?” అన్నాడు. దారి తప్పానన్నాను. పాపం, మంచివాడు. కొత్త కుర్రాడు వానలో దారి తప్పాడని జాలిపడి, సంచి తనే అందుకుని, ఇంటిదాకా దిగబెడతానని బయల్దేరాడు. నా దుంపల్ని పోలీసు మోస్తుంటే వెనక నేను, పెళ్లివారి వెనక బాకా ఊదేవాడిలా నడిచాను. ఏ దేవుడికి మొక్కుకోవాలో కూడా తోచలేదు.

ఆకుపచ్చ తలుపు గార్డే కొట్టాడు. గొలుసు తియ్యకుండానే ఒక ముసలాయన తొంగి చూశాడు. డెబ్బై దాటినవాళ్లు గడప దాటొద్దని చెప్పిన రోజులవి. “ఈ అబ్బాయి ఇక్కడే ఉంటాడా?” అని గార్డు అడిగాడు. ముసలాయన నన్ను చూశాడు, సంచిని చూశాడు, నీళ్లు కారుతూ నోరు తెరిచిన నా బూటును చూశాడు. “ఉండక ఎక్కడికి పోతాడు? ఏమయ్యా, దుంపల కోసం పంపితే ఇంతసేపా?” అన్నాడు. గార్డు సంచి గుమ్మంలో పెట్టి, జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోయాడు. నేను ఆ మెట్టు మీదే కూలబడ్డాను.

రెండు మీటర్ల దూరం పాటిస్తూ నా కథంతా చెప్పుకున్నాను, మాఫీతో సహా. తాతగారు (అప్పటికే నాకు తాతగారైపోయారు) నవ్వి, “నన్నూ మాఫీ చేశారు బాబూ” అన్నారు. “బయటికి రావద్దు, ఏదీ ముట్టుకోవద్దు, మేం చూసుకుంటాం అన్నారు. ప్రేమతోనే అన్నారు. ముప్పై ఏళ్లు బూట్ల ఫ్యాక్టరీలో చేసిన చేతులు ఇవి. ఏడాదిగా టీ కలపడం తప్ప వీటికి పని లేదు.” తర్వాత నా కాలి వైపు వేలు చూపించి, “అది విప్పి అక్కడ పెట్టు” అన్నారు. ఒక బూటు తీసుకుని లోపలికి వెళ్లి, తడి కాలికి వేసుకోమని చనిపోయిన వాళ్లావిడ గులాబీరంగు చెప్పు ఒకటి గుమ్మంలోకి విసిరారు. ముప్పావు గంట సేపు ఆ వీధిలో వెళ్లిన కుక్క కూడా నా కాళ్ల వంక చూసింది. లోపల్నుంచి సుత్తి చప్పుడు, మధ్యలో ఈల వినబడ్డాయి. ఆ ఈల వింటుంటే ఎందుకో నాకు ఏడుపొచ్చింది. రెండో బూటు వచ్చే వారం తెమ్మన్నారు. అది బాగానే ఉందన్నాను. “బాగుండదు, నడుస్తావుగా, వచ్చే వారానికి పాడవుతుంది” అన్నారు ఆశగా.

ఆయనలా ఆదుకున్నాక ఇక అబద్ధం మొయ్యలేకపోయాను. తర్వాతి వారం హాలు పిన్ని ముందు తలొంచుకుని, నేను మాఫీ ప్రాంతం వాణ్ణని, పని మాన్పించొద్దని బతిమాలాను. పిన్ని తన కాగితాల అట్ట నా వైపు తిప్పింది. నా పేరు పక్కన మా అసలు చిరునామా మొదటి వారం నుంచే ఉంది. ఆకుపచ్చ తలుపు వెనక ఎవరుంటారో తెలియకపోవడానికి ఆవిడేమన్నా ఆ ఊరికి నిన్న వచ్చిందా? పైగా మా లీడర్ ఆ మొదటి వారమే ఫోన్ చేసి, ‘మాకు మాఫీ ఉంది, మా పిచ్చోణ్ణి ఎందుకు నడిపిస్తున్నారు’ అని తగువు పెట్టుకున్నాడట. (తిట్టినా నా కోసమే తిట్టాడు, ఇప్పటికీ థాంక్స్ చెప్పలేదు.) షరతుల గడిలో ఆవిడ రాసింది చదివాను: ‘ఇతనికి మినహాయింపు ఉంది. అయినా వస్తాడు. రానివ్వండి.’

“పని తప్పించుకోవడానికి అబద్ధమాడేవాళ్లని చూశాను గానీ, పని కోసం ఆడినవాణ్ణి నిన్నే చూశాను. వెళ్లు, దుంపలు ఏరు” అంది.

ఇప్పుడు ఈ దేశంలోనే బ్లాంచర్డ్స్‌టౌన్ అనే చోట మంచి ఉద్యోగం, లిఫ్టున్న ఇల్లు. కిందనున్న కొట్టుకెళ్లి పాల పాకెట్ తెమ్మంటే ‘ఆన్‌లైన్‌లో పెట్టెయ్’ అనే స్థితికి వచ్చాను. రెండిటికీ కొత్త సోల్స్ పడిన ఆ బూట్లు గుమ్మం పక్క ప్రెస్‌లో, అంటే ఇక్కడి అల్మారాలో, ఉన్నాయి. (రెండో దాన్ని వారం తిరక్కుండా నేనే రాయికేసి రుద్ది పాడుచేశాను, ఆయన మళ్లీ ఈల వెయ్యాలి కదా.) వాటిని పారేద్దామని మా ఆవిడ అన్నప్పుడల్లా ఇవి వదిలెయ్ అంటాను. తాతగారు ఇప్పుడు కూతురి దగ్గరుంటున్నారు, ఫోన్ చేస్తే ముందు నా కాళ్ల సంగతే అడుగుతారు. వానలో గులాబీ చెప్పు వేసుకుని మెట్టు మీద కూర్చున్న ఆ మొండి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. మొన్న ఆదివారం అదే నవ్వుతో లేచి, బూట్లు తీసి వేసుకుని, పాల కోసం నడుచుకుంటూ వెళ్లాను.