డాక్టరమ్మ కొత్త ఐరన్లు

పళ్ల డాక్టరమ్మ పొట్టి మనిషి. పొడుగరి అక్క వాడి వదిలేసిన గోల్ఫ్ ఐరన్లతో, అంటే ఇనుప తల ఉన్న కర్రలతో, ఆడుతుంది. పిడిని బాగా కిందికి పట్టుకుంటుంది కనుక దాని కొస పొట్టలో గుచ్చుకుంటూ ఉంటుంది. బంతి ఎడమవైపు పొదల్లోకి పోగానే నాలుక కరుచుకుని, చెమట తుడుచుకుని మళ్లీ నిలబడుతుంది. "వంగు, ఇంకా వంగు" అని వెనక నుంచి బావగారు పాఠం మొదలుపెడతారు. ఆ పాఠం వినలేక ఆటే మానేద్దామనుకుంది. ఆఖరి ప్రయత్నంగా కొత్త సెట్టు కొందామని దుకాణానికి బయల్దేరితే, సలహా చెప్పడానికి ఆయనా వచ్చారు.

"కొలతలిచ్చి చేయించుకోవడం ఎందుకమ్మా, మనమేమైనా పోటీలకెళ్తామా? ఇదిగో, ఈ మెరిసేది తీసుకో" అని ఒక సెట్టు చూపించి, ఆయన బూట్ల వైపు వెళ్లారు. ఆమె దాన్ని ఆశగా నిమిరింది. అయినా "ఒకసారి కొలవండి" అని దుకాణదారుతో చెప్పి, బడిపిల్లలా నిటారుగా నిలబడింది. అతను మణికట్టు నుంచి నేలదాకా టేపు పట్టాడు. నాలుగు బంతులు కొట్టించి, కర్ర తల ఎటు వాలి నేలకు తగులుతోందోనని దాని అడుగున పడ్డ గీతలు చూశాడు.

"మీ ఆటలో తప్పేం లేదండీ. మీకు కర్రే పొడుగు. పొట్టిగా చేయించి ఇస్తాను."

డాక్టరమ్మ ముఖం చాటంత అయింది.

"ఆ మాట కాస్త గట్టిగా అనండి" అంది. "మా బావగారు బూట్ల దగ్గరున్నారు."