చీటీలో తప్పిన అక్షరం

నలభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. పగలు రేణిగుంట గోదాములో మూటలు మోసి, సాయంత్రం వయోజన విద్య బడిలో పలక పట్టుకునేవాడిని. వ, మ దగ్గర నా చెయ్యి తడబడేది. వ పక్కన ఒక కొమ్ము వంచితే మ అయిపోతుంది. నా చెయ్యి ఆగాల్సిన చోట ఆగేది కాదు.

రాయడం వచ్చిన కొత్తలో నేను చేసిన మొదటి పని, మా తమ్ముడి మీద దేవుడికి పితూరీ రాయడం.

మా చర్చి సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఆరాధన ఉండేది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, ప్రార్థన కావలసినవాళ్లు చీటీ రాసి బుట్టలో వేస్తే పాస్టరు అయ్యగారు చదివేవారు. తమ్ముడూ వాడి భార్యా అదే సంఘానికి వచ్చేవాళ్లు. అందరూ వందనాలు చెప్పుకునే వేళ నన్ను మాత్రం దాటిపోయేవాళ్లు. అలా రెండేళ్లు.

కారణం నాకు తెలుసు. మా అమ్మ ఏర్పేడు దగ్గర మా ఊళ్లో, నా ఇంట్లో పోయింది. తమ్ముడు అప్పుడు పలమనేరులో ఉండేవాడు. నాకు ఇష్టంలేని పిల్లను చేసుకున్నాడని వాడి మీద కోపం నాకు. అమ్మ మూడు రోజులు వాణ్నే అడిగింది. నేను కబురు పంపలేదు. సమాధి దగ్గర ఊరివాళ్లు అడిగితే, పంపాను, వాడే రాలేదన్నాను. కన్నతల్లి మట్టికి రాని కొడుకని వాడికి పేరు పడింది. కబురే రాలేదని వాడు మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. పెద్దవాణ్ని, ప్రార్థనకు పోయేవాణ్ని, నన్నే నమ్మారు. నిజం తెలిసింది నా భార్యకు ఒక్కదానికే. ఆ తర్వాత బతుకుతెరువుకు అన్నదమ్ములిద్దరం రేణిగుంటకే వచ్చాం.

అప్పటినుంచి మోకరిస్తే నాకు మాట వచ్చేది కాదు. దేవుడికీ నాకూ అడ్డం వాళ్లేనని, వాళ్లు దిగొచ్చి పలకరిస్తే అంతా చక్కబడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. శనివారం కూర్చుని చీటీ రాశాను: వారి మనసు కోసం ప్రార్థన చేయండి. కింద నా పేరు.

"ఏం రాస్తాండావయ్యా?" అంది నా భార్య.

"వాళ్ల మనసు మారాలని."

"వాళ్లదేం మారాల? కబురు పంపితివా నువ్వు? దేవునికి గూడా అబద్ధం రాసిస్తాండావే, బాగుండాది నీ సదువు!"

"నోరు మూసుకో" అన్నాను.

ఆదివారం అయ్యగారు నా చీటీని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశారు. ఆయన ముఖం వెలిగింది. "మారుమనసు కోసం ప్రార్థన చేయండి" అని చదివి, నా పేరు పలికారు.

వారి అని రాయబోయి మారి అని రాశాను. దాన్నే ఆయన మారుమనసు అని చదువుకున్నారు. మారుమనసు అంటే మాలో చిన్న మాట కాదు. చేసిన పాపం ఒప్పుకుని వెనక్కి తిరగడం.

"ముందుకు రండి. చెప్పుకోవలసింది ఉంటే బల్లకు ముందే చెప్పుకోండి" అన్నారు అయ్యగారు.

అక్షరం తప్పిందయ్యా అంటే పోయేది. కానీ వారి అంటే ఎవరని అడుగుతారు. వాకిలి దగ్గర కూర్చున్న తమ్ముడు రెండేళ్లలో మొదటిసారి నన్ను సూటిగా చూస్తున్నాడు. వెనకనుంచి ఒక ముసలామె, "లెయ్యప్పా, మూటలు మోసేటోనివి, లెయ్యను బలం లేదా?" అంది. ఎవరో నవ్వారు. ఆడవాళ్ల వైపు నా భార్య కళ్లు మూసుకుని ఉంది.

లేచాను. "అమ్మ పోతాంటే తమ్మునికి నేను కబురు పంపలేదు. పంపినానని అబద్ధం సెప్పినాను" అన్నాను.

తమ్ముడు లేచాడు. "అమ్మ నన్ను అడిగిందా?"

"అడిగింది."

"ఎన్ని తూర్లు?"

"మూడు దినాలు అదే మాటరా."

"ఊరంతా నా మొగాన ఉమ్మినారు గదా! సూస్తా ఉంటివే, అన్నవేనా నువ్వు?" అని బయటికి పోయాడు. వాడి భార్య చెప్పులు కూడా వేసుకోకుండా వెంట పరుగెత్తింది.

రొట్టె పళ్లెం నా ముందుకు వస్తే, తీసుకోకుండా పక్కవాడికి జరిపాను. మనసు తేలికైందని రాస్తే అబద్ధమవుతుంది. భయం, అంతే. కానీ ఇంటికి వచ్చి మోకరిస్తే మాట వచ్చింది.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు మా వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"రేపు ఊరికి పోదాం. ఎవురెవురికి ఆ అబద్ధం సెప్పినావో, ప్రతి గడపకాడా నిలబడి నిజం సెప్పాల. నేను పక్కనే ఉంటా. మాట మార్సినావంటే సూడు."

"సరే" అన్నాను.

బస్సులో వాడు వేరే సీట్లో కూర్చున్నాడు. ఊళ్లో మొదటి గడప మా మేనమామది. తలుపు తీసి, "ఏంరా, ఇద్దరూ కలిసే వచ్చినారే!" అన్నాడు నవ్వుతూ.

తమ్ముడు నావైపు చూశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను.