భయముండాదా అని అడిగితే

మా బావ ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేముందు రెండు అరచేతులూ ప్యాంటుకు తుడుచుకునేవాడు. యుద్ధంలో విమానం నడిపి పుంగనూరుకు తిరిగొచ్చాక అంటుకున్న అలవాటది. ప్రయాణికుల విమానాల కంపెనీ ఒకటి బెంగుళూరులో ఇంటర్వ్యూకు పిలిచింది. ఆ వారమంతా ఇంట్లో అభ్యాసం; ప్రశ్నలడిగే దొర వేషం నాది. మేనత్త ఇంట్లో పెరుగుతున్నదాన్ని, కాదనేదేముంది? నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను వాకిట్లోంచి తలుపు తట్టి వచ్చేవాడు.

"అక్షరమ్ముక్క రానిదాన్ని, నేనేం అడిగేది బావా?"

"సదువుకున్నోళ్లు నన్ను పొగడతా ఉండారు. నువ్వు నోటికొచ్చింది అడుగు మే."

గాలివానొస్తే, ఇంజను ఆగిపోతే ఏం చేస్తావని అడిగాను. టకటకా చెప్పాడు.

"మళ్లా ఎక్కేదానికి భయముండాదా?"

చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయాడు. చివరకు "ఉండాది" అన్నాడు.

"అయితే పోవద్దు. మదనపల్లెలో బస్సు తోలుకో."

"మాయమ్మ ఊరంతా సెప్పేసింది గదమే."

దర్జీ సాయిబు కుట్టిన కొత్త కోటు వేసుకుని, కుప్పం పోయి రైలెక్కాడు. ఉద్యోగంతో తిరిగొచ్చాడు. అత్త వీధంతా చక్కెర పంచి, నా నోట్లోనూ ఇంత పోసింది. తీపి తెలియలేదు.

"భయముండాదా అని వాళ్లు అడగలేదా?" అన్నాను.

"అడిగినారు. లేదని సెప్పినా."

"నాతో ఉండాదంటివే?"

"ఉద్యోగమిచ్చేది నువ్వు కాదు గదమే."

కోటు విప్పి మేకుకు తగిలించి, అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.