అడ్డసరం అత్త అడిగే ప్రశ్న

మా మేనత్తను ఆకుల షెడ్డులో అందరూ అడ్డసరం అత్త అంటారు. మూలికల మందులు చేసే ఆ కంపెనీలో ముప్పై ఏళ్లుగా ఆవిడ పని ఒకటే. నీడన ఆరిన అడ్డసరం ఆకును గుప్పిట్లో నలుపుతుంది. పొడిపొడిగా విరిగితే సరే, మెత్తగా మడతపడితే మళ్లీ ఆరబెట్టాల్సిందే. ఆవిడ సరేనన్న బస్తాను పరీక్షల గది ఒక్కసారీ తిప్పి పంపలేదు. ఆ కంపెనీలోనే సీసాలు ప్యాకింగు చేస్తాను కాబట్టి నాకు తెలుసు. గొప్పకు చెప్పడం లేదు. సరే, కాస్త గొప్పకే చెబుతున్నాను.

ఆ ఆకు కషాయం కఫాన్ని పలచబరుస్తుంది, ఊపిరి ఆడనిస్తుంది. అందులో వాసిసిన్ అనే పదార్థం ఉందని కెమిస్టు చెబితే అత్త మూతి ముడిచింది.

"పేరు మీరు పెట్టుకోండి బాబూ. దాని పని నాకెప్పుడో తెలుసు."

నిజంగానే తెలుసు. ఆ వాసిసినే గర్భసంచినీ ముడుచుకునేలా చేస్తుంది. అందుకే ఎవరు దగ్గినా కషాయం కాచి ఇచ్చే అత్త, ఆడవాళ్లనైతే ముందు "నెల తప్పావా?" అని అడిగేది. అదీ షెడ్డంతా వినపడేలా! ఎందుకో మాత్రం చెప్పేది కాదు. కారణాలు చెప్పుకోవడం ఆవిడకు నామోషీ. ఊరందరి కబుర్లూ కావాలి ఈవిడకి అని మేం నవ్వుకునేవాళ్లం.

పోయినేడు నాకు దగ్గు పట్టుకుంది. అప్పుడు నాకు రెండో నెల. అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. అప్పుడు అందరికీ చెప్పుకుని, తర్వాత అందరి జాలీ భరించాను. ఈసారి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్త షెడ్డు నడిమధ్య నిలబడి అడిగింది. ఇరవై మంది తలలెత్తారు.

"లేదత్తా" అన్నాను. కషాయం సీసా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి, కషాయం వేడిచేసి గ్లాసులో పోశాను. ఎవరో తలుపు దబదబ బాదారు. తీస్తే అత్త! మోకాళ్ల నొప్పులని నాలుగేళ్లుగా మా మూడో అంతస్తు ఎక్కని మనిషి, గోడ పట్టుకుని రొప్పుతోంది.

"తాగావా?"

"ఇంకా లేదు..."

గ్లాసు లాక్కుని సింకులో పారబోసింది. "లేదన్నప్పుడు నా మొహంలోకి చూడలేదే నువ్వు. ఎన్నో నెల?"

"రెండు."

ఆ ఆకు ఏం చేయగలదో అప్పుడు చెప్పింది. ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి.

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా అత్తా! నలుగురిలో అడిగితే ఏ ఆడది చెబుతుంది?"

ఆవిడతో అలా మాట్లాడి బతికి బట్టకట్టినవాళ్లు లేరు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి మోకాళ్లు రుద్దుకుంది.

మర్నాడు పొద్దున షెడ్డులో అందర్నీ పిలిచింది.

"ఇన్నాళ్లూ నేనడిగిన తీరు తప్పు. ఈ కషాయం తాగితే కడుపు నిలవకపోవచ్చు, అందుకే అడిగేదాన్ని. ఇక అడగను. కడుపుతో ఉన్నా, అనుమానమున్నా 'నాకొద్దత్తా' అనండి చాలు. డాక్టరు దగ్గరికెళ్లండి. ఎందుకొద్దని అడిగితే నా నోరు పడిపోవాలి."

ముప్పై ఏళ్లలో ఆవిడ తన తప్పు ఒప్పుకోవడం ఎవరూ వినలేదు. ఈవిడ మా మేనత్త అని అరిచి చెప్పాలనిపించింది. "నాకొద్దత్తా" అన్నాను. ఒక్కరూ నావైపు తిరగలేదు.

అప్పుడు తూకం దగ్గర కూర్చునే కొత్తమ్మాయి లేచింది. ముందురోజు నాతో పాటే "లేదు" అని సీసా తీసుకెళ్లిన పిల్ల. సంచిలోంచి మూత తీయని సీసా తీసి అత్త ముందు పెట్టింది.

"నాకూ వద్దత్తా."