పుంగనూరు అవ్వకు పాదపూజ

ఆ రోజుల్లో, అంటే మదనపల్లెలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, గౌరవమనేది ఎదుటివారి పాదాల దగ్గరే మొదలవుతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మా కుటుంబంలో అంతవరకు చదివినవారు లేరు. అందువల్ల ఉపాధ్యాయులు చెప్పిన ప్రతి మాటనూ అక్షరాలా పాటించడం నా బాధ్యత అనుకునేవాణ్ణి. (తంబళ్లపల్లె దగ్గర మా పల్లెలోని గొర్రెలు నాకంటే స్వతంత్రంగా ఆలోచించేవేమో.)

శనివారం సాయంత్రాలు మా బడి పిల్లలం కొందరం ఊరి చివర వృద్ధాశ్రమానికి వెళ్లేవాళ్లం. అక్కడ నా స్నేహితురాలు పుంగనూరు అవ్వ. పుంగనూరు బస్టాండులో ఏళ్ల తరబడి కనకాంబరాలు అమ్మిన మనిషి. హాస్టలు చారును నేను తిడుతుంటే, ఆశ్రమం చారును ఆమె తిట్టేది. ఇంటిమీద బెంగతో ఉండే నాకు వారమంతా గడవడానికి ఆ ఒక్క గంటే ఆధారం.

అటువంటి సమయంలో మా హెడ్మాస్టరు గారికి పెద్దలకు పాదపూజ చేయించాలనే ఆలోచన కలిగింది. చొక్కా మడత ఎన్నడూ నలగనివ్వరు కనుక ఆయనను మేము చాటుగా ‘ఇస్త్రీ సార్’ అనేవాళ్లం. నేను నా పక్క మంచం మిత్రుడి కాళ్లు కడిగి సాధన చేశాను. (వాడు ఆ వారమంతా నాతో ఎంతో మర్యాదగా మెలిగాడు.)

తీరా ఆ రోజు నేను పసుపు నీళ్ల పళ్లెం ముందు పెట్టగానే అవ్వ పాదాలను చీర కుచ్చిళ్లలో దాచేసుకుంది. ‘‘వద్దు నాయనా. కాళ్లు ముట్టుకుంటే నాకు కితకితలు’’ అంది. అది వినయమని నేను అపార్థం చేసుకున్నాను. పూజను వద్దనడం పెద్దల సహజ గుణమని పాఠ్యపుస్తకం భాషలో ఆమెకు వివరించాను కూడా. అవ్వ నిట్టూర్చి, ‘‘సెప్పేది సెప్పినాను. మల్లా నన్ను అనొద్దు’’ అంటూ కాలు చాపింది. నా వేళ్లు అరికాలికి తగిలాయో లేదో, ఆమె కెవ్వుమని నవ్వి ఒక్క తన్ను తన్నింది. పళ్లెం గాలిలోకి లేచింది. మా భక్తిని దగ్గరగా చూద్దామని అప్పుడే వంగిన ఇస్త్రీ సార్ నిలువునా పసుపు నీళ్లలో తడిసి, నలుగు పెట్టిన పెళ్లికొడుకులా నిలబడిపోయారు. వరండా అంతా ఒకటే నవ్వు. ఒక తాత కట్టుడు పళ్లు జారిపోకుండా చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు.

సార్ మాత్రం నవ్వలేదు. పెద్దల దగ్గర మెలగడం తెలియని పిల్లలు ఇకమీదట ఇక్కడికి రానక్కరలేదని, శనివారాలు ఇంతటితో సరి అని ప్రకటించారు. నేను క్షమాపణ వాక్యం కూర్చుకునేలోగా అవ్వ అందుకుంది.

‘‘పిల్లోణ్ణి యాల అంటావు సారూ? తన్నింది నేను’’ అంది. తరువాత గొంతు తగ్గించి, ‘‘పుట్టినరోజని ఒకరు, పండగని ఒకరు వస్తాండారు. కాళ్లు మొక్కి, ఫోటో దిగి పోతారు. మల్లా యాడ కనపడతారు? ఈ పిల్లోళ్లే ఊరికే వచ్చి ఊరికే కూసుంటాండారు. పూజలు మాన్పించు సారూ, వీళ్లను మాత్రం రానీ’’ అంది.

సార్ మీసాల నుంచి పసుపు నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి ఆయన చొక్కా విప్పి తీగమీద ఆరేసి, బనీనుతోనే అవ్వ పక్కన బెంచీమీద కూర్చున్నారు. ఎవరో టీ తెచ్చారు. చొక్కా ఆరిన తరువాత కూడా ఆయన లేవలేదు. పై శనివారం, ఒక్క పళ్లెమైనా తీసుకెళ్లకూడదన్న షరతుతో, మమ్మల్ని మళ్లీ పంపించారు.

ఇప్పుడు కుప్పంలో ఉద్యోగం చేస్తున్నాను. ఎవరింటికి వెళ్లాలన్నా ముందు ఫోను చేసి, తగిన కారణం ఒకటి సిద్ధం చేసుకుని, పండ్లు కొనుక్కుని బయలుదేరే మనిషినయ్యాను. తలుపు తీసినవారు ‘‘ఏం పనిమీద వస్తిరప్పా?’’ అని అడిగితే, ‘‘ఊరికే’’ అనడానికి నోరు రాదు. తొమ్మిదో తరగతిలో అంత సులువుగా చేతనైన పని ఇంత చదువు చదివాక చేతకాకుండా పోయిందే అని, ఆ పండ్ల సంచితో గుమ్మంలో నిలబడి నాలో నేనే నవ్వుకుంటాను.