కారు నడిపింది నేను, క్లాసులో కూర్చుంది మా మరిది

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అని రాశాను కానీ, చాలాకాలం అది నాకు బరువే అనిపించలేదు. తిన్నాను, పడుకున్నాను, నవ్వాను. ఈ మధ్యనే బరువైంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో చెప్పే గుండె ఉంటే ఇదంతా రాయడమెందుకు?

మాది ఖానాపూర్ దగ్గర పల్లె. పుట్టిల్లు కరీంనగర్. మా ఆయన గల్ఫ్‌లో డ్రైవరు. ఇంట్లో అత్త, నేను, బడికి పోయే నా కొడుకు, మా మరిది. మరిదిని గంగాధర్ అని రాస్తాను. అసలు పేరు అది కాదు. అతని పేరు ఇప్పటికే కావలసినంత పాడు చేశాను.

మా ఆయన ఒకసారి సెలవు మీద వచ్చి పాత కారు ఒకటి కొని, తాళం తమ్ముడి చేతిలో పెట్టి పోయాడు. ఇంటి కోడలు స్టీరింగు పడితే ఊళ్లో నలుగురు నవ్వుతారని ఆయన బాధ. నాకు పెళ్లికి ముందే లైసెన్సు ఉంది. మా బాపు దగ్గరుండి నేర్పించాడు. ఆ లైసెన్సు పెట్టె అడుగున పెళ్లి చీర కింద ఉండేది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండేది.

మా ఇల్లు ఊరి చివర, రోడ్డు పక్కనే. పత్తి ఏరే రోజుల్లో మధ్యాహ్నం ఊరంతా చేన్లలోనే ఉంటుంది. అత్త కూలీల వెంట పోయేది. మరిది పత్తి బండితో భైంసాకు పోయేవాడు. నేను తాళం తీసుకునేదాన్ని. హైవే ఎక్కేదాకా ఒద్దికగా పోయి, ఎక్కాక తొక్కేదాన్ని. ముల్లు వంద దాటితే నా లోపల ఏదో విప్పుకునేది. ఎవరి ప్రాణం మీదికో వచ్చి పరుగెత్తలేదు. ఆసుపత్రి లేదు, ఆపద లేదు. ఊరికే. నాకు బాగుండేది, అంతే. ఆ సంగతికి నేను సిగ్గుపడను. సిగ్గుపడాల్సింది ఆ తర్వాత జరిగినదానికి.

కారు మా ఆయన పేరు మీద ఉంది కాబట్టి, నేను ఇక్కడ తొక్కితే ఆయన ఫోను అక్కడ మోగింది. చలానా. దాంతోపాటు కారు వెనక నుంచి తీసిన ఫోటో. నంబరు కనబడుతుంది, మనిషి కనబడడు. ఒకటి వచ్చింది, ఏదో పొరపాటు అనుకున్నాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ. ఇక పోలీసులే ఇంటికి ఫోన్ చేశారు. వరసగా ఇన్ని పడ్డాయి, నడిపినవాళ్లు లైసెన్సు పట్టుకుని నిర్మల్ రావాలి అన్నారు. లైసెన్సు కొన్ని నెలలు ఆపించుకుంటారా, లేక జుర్మానా కట్టి ఒకరోజు డ్రైవింగ్ క్లాసులో కూర్చుంటారా, మీ ఇష్టం అన్నారు. క్లాసుకు ఇంటి మనిషి ఒకరు వెంట రావాలి, అది వాళ్ల నియమం.

ఒకరోజు క్లాసు. అంతే కదా? బెంచీ మీద కూర్చుని లేచి వస్తే అయిపోయేది. మా ఆయన నాలుగు తిట్లు తిట్టేవాడు. పడేదాన్ని.

ఆయన ఫోన్ చేసి, "ఎవరు నడిపిండ్రు?" అని అరిచాడు. స్పీకరులో ఉంది ఫోను. అత్త పక్కనే కూర్చుంది. మరిది వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఇంకెవలు నడుపుతరు? నీ తమ్ముడే," అన్నాను.

గంగాధర్ చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నా వైపు చూశాడు. ఆ ఫోటోలు తీసిన రోజుల్లో అతను భైంసాలో పత్తి బండి దగ్గర ఉన్నాడు. వెంట నలుగురు మనుషులున్నారు. ఒక్క మాట చాలు నన్ను పట్టిచ్చేందుకు. అతను తడికాళ్లతో లోపలికి వచ్చి, ఫోను దగ్గర వంగి, "అవునన్నా, నేనే," అన్నాడు.

ఉప్పు తిన్నది నేను. నీళ్లు తాగింది అతను.

ఆ రోజుల్లో అతనికి ఏం పోయే ప్రమాదం ఉందో చెప్పకపోతే మీకు ఈ కథ అర్థం కాదు. గల్ఫ్‌లో పని ఇచ్చే యజమానిని కఫీల్ అంటారు. మా ఆయన కఫీల్ తన తమ్ముడి ఇంటికి ఇంకో డ్రైవరు కావాలని అడిగాడు. మా ఆయన గంగాధర్ పేరు చెప్పాడు. ఆ వీసాను నమ్ముకుని మెట్‌పల్లిలో ఒక సంబంధం కూడా కుదిరింది. పిల్ల బీఎడ్ చదివింది. గంగాధర్ ఆ అమ్మాయి ఫోటోను ఫోనులో ఎన్నిసార్లు చూసుకునేవాడో మా అత్త నవ్వుతూ వాడకట్టంతా చెప్పేది. వీసా వస్తే లగ్గం. రాకపోతే లేదు.

క్లాసుకు ఇంటి మనిషిగా నేనే పోయాను. అత్తకు మోకాళ్ల నొప్పులు. పోనని అనొచ్చు కదా? అనలేదు. చూడాలనిపించింది. ఎవరిని? ఏం చూడాలని? ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

ఒక హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. టెంపో డ్రైవర్లు, కాలేజీ పోరలు, వాళ్ల పక్కన భార్యలు, తల్లులు. గోడ మీద యాక్సిడెంట్ల వీడియోలు చూపించారు. కొందరు తల దించుకున్నారు. గంగాధర్ మాత్రం కన్ను ఆర్పకుండా చూశాడు, పరీక్ష రాయబోతున్నవాడిలాగ. ఆ తర్వాత సారు, ఇంటి నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరు లేచి మాట్లాడండి, మీ మాటే వీళ్లకు తగులుతుంది అన్నాడు. ఒకామె లేచి ఏడుస్తూ కూర్చుండిపోయింది. ఇంకో ముసలామె కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేయించుకుంది. నా వంతు వచ్చింది.

లేవకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. లేచాను.

"ఎన్నిసార్లు చెప్పినా ఇనడు సార్. మా ఆయన దేశంగాని దేశంల చెమటోడుస్తుండు, ఈయనేమో కారును ఇమానం లెక్క ఉరికిస్తుండు. రేపు ఏమన్నయితే మా అత్త ఏం గావాలె? లగ్గం గావాల్సిన పిలగాడు సార్. గిసొంటోనికి ఎవలన్న పిల్లనిస్తరా?"

కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, నమ్మండి. దొంగే ముందు నిలబడి దొంగా దొంగా అని అరిచినట్టు, నా వేగమంతా అతని నెత్తిన పోసి నేనే ఏడ్చాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంటికొక ఇట్లాంటి వదిన ఉండాలె అన్నాడు సారు. ముందు వరసలో ఎవరో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నారు. నేను అది చూశాను. చూసే, ఆఖరి మాట గట్టిగా అన్నాను.

గంగాధర్ చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అతనే నడిపాడు. సైకిల్ పోయినంత మెల్లగా. దారిలో అడిగాడు.

"ఆఖరి మాట ఎందుకన్నవ్ వదినా?"

"నోటికచ్చింది."

"అన్నకు భయపడ్డవ్ గదా. నాకెరుకే. ఫికర్ చెయ్యకు, నేనెవలికి చెప్ప."

"రోడ్డు చూసి నడుపు," అన్నాను.

అతను రోడ్డు చూసి నడిపాడు.

ఇక్కడిదాకా చదివి మీరు కూడా అతనిలాగే అనుకుంటారు. పాపం, మొగుడికి భయపడి అబద్ధమాడింది అని. మొదటిరోజు కొంత భయం ఉన్నమాట నిజం. అయితే నేను దాచింది అది కాదు. క్లాసు అయిన తర్వాతి శుక్రవారం జరిగింది.

శుక్రవారం మా ఆయనకు సెలవు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. ఇంట్లో ఎవరూ లేరని తెలుసుకుని, గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ గొంతు నాకు తెలుసు. కొడుకు పుట్టినప్పుడు అట్లా మాట్లాడాడు. కోపం ఇసుమంత లేదు అందులో.

"నిజం చెప్పు. నువ్వు నడిపినవా? నడిపితే నడిపినవ్ తియ్, నేనేమన. వాడు చిన్నప్పటిసంది సైకిల్ గూడ మెల్లగనే తొక్కుతడు. రేపు కఫీల్‌కు పేరు ఖాయం చెయ్యాలె. స్పీడోడిని తెచ్చి పెడితే నా నౌకరి గూడ పోతది. అందుకే అడుగుతున్న."

చూశారా? తలుపు తెరిచి పెట్టాడు. తిట్టనన్నాడు. ఎందుకు అడుగుతున్నాడో కూడా చెప్పాడు. నాకు ఏ భయమూ లేదు ఆ నిమిషంలో. మెట్‌పల్లి పిల్ల కళ్లముందు కదిలింది. బీఎడ్ చదివిన యారాలు, అంటే తోడికోడలు, ఈ ఇంట్లో కాలు పెడుతుంది, నా కొడుక్కి చదువు చెబుతుంది, అత్త వాడకట్టుకంతా చెప్పుకుంటుంది. నేను ఇంటర్ తప్పినదాన్ని. నాది వట్టి కడుపుమంట. దానికి ఇంకో పేరు పెట్టలేను, పెట్టి చూశాను.

"నేను కారు ముట్టనే ముట్టలే. మీ తమ్ముని మీద గంత ప్రేమ, పావురముంటే వాన్నే తీస్కపో," అన్నాను.

ఆయన సరే అన్నాడు.

వీసా జగిత్యాల వైపు ఎవరికో పోయింది. క్లాసు వీడియో వాట్సాప్‌లో తిరిగి తిరిగి మెట్‌పల్లి చేరింది. సొంత వదినే పిల్లనివ్వొద్దంటే మేమెట్ల ఇస్తం అని వాళ్లు కబురు పంపారు. మా ఆయన కూడా చూశాడు ఆ వీడియో. మురిసిపోయాడు. "నీకున్న బుద్ధి వానికి లేకపాయె. తాళం నీ దగ్గరనే పెట్టుకో, కారు నువ్వే నడుపు, ఎవడేమంటడో నేను చూస్త," అన్నాడు. నేను పెట్టె అడుగు నుంచి లైసెన్సు తీశాను. ఆ రోజు సంతోషపడ్డాను. అది కూడా రాస్తున్నాను, దాచడం లేదు.

గంగాధర్ ఆ తర్వాత ఖానాపూర్‌లో బడి వ్యాను నడపడానికి అడిగాడు. పిల్లల తల్లిదండ్రులు వీడియో చూసి ఉన్నారు, వద్దన్నారు. ఇప్పుడు భైంసాలో జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోస్తున్నాడు. ఆదివారం ఆదివారం వస్తాడు. నడుం వంగింది. అత్త నన్నేమైనా అంటే మాత్రం ఇప్పటికీ, "ఊకో అవ్వా, వదిన మనసు మంచిది," అంటాడు. నేను చేయని తప్పుకు నన్ను క్షమించాడు అతను. భయపడిన వదినను. అట్లాంటి వదిన మా ఇంట్లో లేదు.

ఇదంతా మోస్తూ కూడా నేను హాయిగానే ఉన్నాను. అది చెడిపోయింది పోయిన నెలలో. కాగజ్‌నగర్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పెద్దగా చదువుకోని పిల్ల, నెమ్మదస్తులు. పిల్ల తల్లి నాతో వంటింట్లోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"గా వీడియోల పిలగాడు ఈయననే గదా బిడ్డా? నిజం చెప్పు. మాకు ఒక్కతే పిల్ల."

పొయ్యి మీద చాయ మరుగుతోంది. బయట గంగాధర్ ఇస్త్రీ అంగీ వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు. నడిపింది నేను, అంటే అయిపోయేది. ఆమెకు మాత్రమే చెప్పినా సరిపోయేది.

"అప్పట్ల జర గట్లనే ఉండె. ఇప్పుడు మారిండు," అన్నాను.

ఆమె తల ఊపింది. చాయ తాగి పోయారు. ఇప్పటిదాకా ఫోన్ లేదు.

ఈసారి ఎందుకన్నాను? చదువుకున్న యారాలు వస్తుందన్న మంట లేదు. మొగుడి భయం లేదు. నా పేరు కాపాడుకోవడానికా? మంచిమాటే కదా అన్నాను అని ఆ పూటంతా నాకు నేను చెప్పుకున్నాను. మారిండు అంటే ఒకప్పుడు చెడ్డవాడని కదా అర్థం. అది తెలిసే అన్నాను. ఏ కారణం లేకుండా కూడా అతన్ని పాడు చేయగలనని ఆ వంటింట్లో నాకు తెలిసింది. అప్పటి నుంచి నిద్ర లేదు.

గంగాధర్‌కు చెబుతానా? చెప్పను. చెబితే, ఆ వదిన మనసు మంచిది అన్న మాట కూడా పోతుంది, అది నాకు కావాలి. ఇంత నీచంగా ఉంది నా లెక్క. మీరు నన్ను క్షమించొద్దు, మీకు ఆ హక్కు కూడా లేదు. విన్నారు, అది చాలు.

కారు నడిపింది నేను. భయపడి కాదు, కడుపుమంటతో అతన్ని పట్టించాను. అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లకు ఒక్కచోట రాశాను, గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక కూడా నాకే, అందులో అతనికి వచ్చేదేమీ లేదు.