ఒక్క మచ్చకు మూడు సున్నాలు

జూలై మూడు, గురువారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. నా మనవడి భార్య హారిక వంటింట్లో ఊరగాయ జాడీ మీద చెయ్యి వేయబోయి ఆగింది. పెరట్లోకి వెళ్లి వచ్చింది.

"అవ్వా, ఒక్క మచ్చ కనపడింది. అంతే. మళ్లీ ఏం లేదు."

"మచ్చయినా ఏరయినా మూడు రోజులు మూడు రోజులే. జాడీ ముట్టుకోబాక" అన్నాను. గోడ మీది క్యాలెండర్‌లో మూడు, నాలుగు, ఐదు తేదీలకు సున్నాలు చుట్టాను.

ఆ మూడు సున్నాల్లో ఒక్కటి కూడా నిజం కాదని నాకు తెలిసింది ముప్పై ఎనిమిది రోజుల తర్వాత, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఉన్నప్పుడు.

నాకు డెబ్బై నాలుగేళ్లు. మాది అల్లూరు మండలంలో సముద్రానికి నాలుగు కిలోమీటర్ల ఊరు. కొంత వరి, రెండు రొయ్యల గుంటలు. నా కూతురు పోయాక దాని కొడుకు ప్రదీప్‌ను నేనే పెంచాను. ఇంట్లో ఉండేది మేం ముగ్గురం. నారు పోసిన రోజు, గుంటలో రొయ్యపిల్ల వదిలిన రోజు, బర్రె చూలు కట్టిన రోజు, అన్నీ క్యాలెండర్‌లో రాస్తాను. బర్రె ఏ వారంలో ఈనుతుందో నేను చెబితే తప్పలేదు. హారిక బయట చేరిన రోజులు కూడా రాస్తాను. ఆ మూడు రోజులూ ఆ పిల్ల పూజగదికీ జాడీకీ దూరంగా ఉండాలని ఇంట్లో పద్ధతి. పద్ధతి నాదే.

పెళ్లయి నాలుగేళ్లు. ఆ సున్నాలు నెలనెలా చుట్టాను. చుట్టిన ప్రతిసారీ ఏమీ అనకపోయినా పెన్ను మూత గట్టిగా పెట్టేదాన్ని. హారికకు అది వినపడేదని తర్వాత చెప్పింది.

ఆగస్టు నాలుగు, సోమవారం. ఆ నెల రావలసింది రాలేదు. కిట్‌లో రెండు గీతలు వచ్చాయి. పిల్ల ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ప్రదీప్ గుంట దగ్గర నీళ్లు చిలికే ఏరియేటర్ ఆపకుండానే పరిగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రమే ఫోటోల మాట మొదలైంది.

కడుపుతో ఉన్నామని ఊరందరికీ ఫోటో తీసి చెప్పడాన్ని ఈ మధ్య అనౌన్స్‌మెంట్ షూట్ అంటున్నారు. కావలి నుంచి ఒక ఫోటోగ్రాఫర్ వచ్చి సముద్రం ఒడ్డున తీస్తాడట. పదిహేనో తేదీ బంధువుల ఇంట్లో సీమంతం ఉంది. ఆలోపు ఫోటో బయటికి రావాలట.

"మూడో నెల నిండేదాకా గుమ్మం దాటి చెప్పకూడదే" అన్నాను.

"నాలుగేళ్లు ప్రతి ఫంక్షన్‌లో తలకాయ దించుకుని కూర్చున్నానవ్వా. విశేషమా, విశేషమా అని అడిగి చంపినారు. ఈసారి ఎవరూ అడక్కముందే నేనే చెబుతా. ఒక్క ఫోటోతో అందరి నోళ్లూ మూతపడాలి."

అలా అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆగస్టు ఏడు, గురువారం నెల్లూరులో ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ "ఎల్ఎంపీ ఎప్పుడు?" అని అడిగింది. అంటే చివరిసారి బయట చేరిన తేదీ. హారిక నోరు తెరిచింది. నేను సంచీలోంచి క్యాలెండర్ తీశాను. అవును, మేకు నుంచి తీసి పట్టుకుపోయాను.

"జూలై మూడు. మూడు రోజులు. నేను రాసిపెట్టాను."

డాక్టరమ్మ నవ్వి, "ఇంత కరెక్ట్‌గా ఎవరూ చెప్పరు పెద్దమ్మా" అంది. నాకు ఎంత గర్వమేసిందో రాయడానికి ఇప్పుడు రోతగా ఉంది. హారిక నోరు మూసుకుంది.

ముప్పై ఐదు రోజులు, సరిగ్గా ఐదు వారాలు. స్కాన్ చేసి డాక్టరమ్మ అంది: "యూటరస్‌లో బిడ్డ ఉండే సాక్ కనపడట్లేదు. ఐదు వారాలే కాబట్టి ఇంకా ఎర్లీ కావచ్చు. వేరే చోట ఉండే అవకాశం కూడా కొట్టేయలేం. ఇవాళ బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష చేద్దాం. నలభై ఎనిమిది గంటలకు మళ్లీ చేయాలి. అది దాదాపు రెట్టింపు కావాలి. ఈలోపు రెస్ట్. కడుపులో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, భుజం నొప్పి వచ్చినా ఆలోచించకుండా వచ్చేయండి."

కడుపుకూ భుజానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. అయినా చీటీ వెనక 'భుజం' అని రాసుకున్నాను. బీటా 1,840 వచ్చింది. శనివారానికి 3,680 కావాలని దాని కింద రాశాను.

శనివారం ఉదయం తొమ్మిదికి రక్తం ఇవ్వాలి. ఫోటోగ్రాఫర్ టైం ఇచ్చిందీ శనివారమే. ప్రదీప్ లెక్క చెప్పాడు: "సూర్యుడు ఆరుకి, రక్తం తొమ్మిదికి. మధ్యలో మూడు గంటలుంది గదవ్వా." రెస్ట్ అన్నారు కదరా అంటే, ఇసకలో నిలబడటమే కదా, పరుగు పందెం కాదు కదా అన్నాడు. శుక్రవారం సాయంత్రం హారిక ఎడమ పక్క పొత్తికడుపులో గుచ్చుతోందంది. గ్యాస్ అనుకుని వాము నీళ్లు కాచి ఇచ్చాను. డాక్టరమ్మ చెప్పిన నొప్పి ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నాను.

ఆగస్టు తొమ్మిది, శనివారం, ఉదయం ఆరు. ఒడ్డున ఫోటోగ్రాఫర్ అప్పటికే పడవకు తెల్లగుడ్డ కట్టి, బెలూన్లు కట్టి ఉన్నాడు. వలలు దులుపుకునే మనుషుల్ని "కొంచెం పక్కకు జరగండన్నా, ఫ్రేమ్‌లోకి వస్తున్నారు" అని వాళ్ల పడవ దగ్గర నుంచే తోలేశాడు. ఇసకలో ప్రదీప్ చెప్పులు, హారిక చెప్పులు, మధ్యలో వేలెడంత బూట్లు పెట్టాడు. కాళ్లు ఇంకా ఏర్పడని బిడ్డకు బూట్లు.

తర్వాత హారిక చేతికి ఒక స్కాన్ ఫోటో ఇచ్చాడు. తల, ముక్కు, గుండ్రటి పొట్ట, అన్నీ ఉన్న బిడ్డ.

"ఎవరిది నాయనా ఇది? మా పిల్ల స్కాన్‌లో ఏం కనపడలేదు" అన్నాను.

"నెట్‌లోది అవ్వా. మీ స్కాన్ ఖాళీగా ఉందంట గదా, ఫోటోలో బాగోదు. ఎవరికి తెలుస్తుందిలే."

ఎవరి బిడ్డో. ఆ తల్లి ఎక్కడుందో. ఫోటోగ్రాఫర్ నన్ను కూడా వదలలేదు. హారిక నాకు ఆ ఫోటో చూపించాలట, నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆశ్చర్యపోవాలట.

"నాకు సోమవారమే తెలుసు కదా. ఇప్పుడెందుకు ఆశ్చర్యపోవాలి?"

"రీల్ కోసం అవ్వా. కళ్లు పెద్దవి చెయ్యండి. అట్ట కాదు, పాము చూసినట్టుంది. సంతోషంగా ఆశ్చర్యపోండి."

రెండుసార్లు ఆశ్చర్యపోయాను. రెండూ నచ్చలేదు. మూడోసారికి హారిక నా ముందుకు వచ్చి ఫోటో చూపించబోయి వంగింది. ఆ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. కళ్లలో నీళ్లు, పెదవులు తెల్లగా. వెనక నుంచి అతను కేకేశాడు: "అదే అక్కా, అదే! ఆ ఎమోషన్ అట్టే పట్టుకో. కదలొద్దు." టకటకా కెమెరా కొడుతూనే ఉన్నాడు.

"అవ్వా, భుజం గుంజేస్తోంది" అంది హారిక నాకు మాత్రమే వినపడేట్టు.

చీటీ వెనక నేను రాసుకున్న మాట. సమయం ఆరు గంటల ఇరవై ఆరు నిమిషాలు.

"ప్రదీప్, కారు తియ్యి" అన్నాను.

"ఇంకో రెండు షాట్లే అవ్వా, లైట్ పోతుంది" అన్నాడు ఫోటోగ్రాఫర్. నేను అతని వైపు చూడలేదు. వల దులుపుకునే మనుషులు ఇద్దరు వచ్చి పిల్లను ఎత్తి కారులో పడుకోబెట్టారు. అతను తోలేసిన మనుషులే. కొడవలూరు దాటేసరికి హారిక చేతులు మంచుగడ్డలయ్యాయి. పిలిస్తే పలకడం లేదు. ఆసుపత్రికి చేరింది ఏడు ముప్పై ఐదుకు. అరవై తొమ్మిది నిమిషాలు.

బీపీ డెబ్బై బై నలభై. స్కాన్ పెట్టగానే డాక్టరమ్మ "రప్చర్డ్ ఎక్టోపిక్, థియేటర్ రెడీ చెయ్యండి" అంది. గర్భం గర్భసంచిలో కాకుండా ఎడమ ట్యూబ్‌లో నిలబడి, ఆ ట్యూబ్ పగిలిందట. కారిన రక్తం లోపల పైకి చేరితే భుజం గుంజుతుందట. ప్రదీప్ సంతకం చేశాడు. తొమ్మిదికి ఇవ్వాల్సిన రక్తం అంతకు ముందే తీశారు. 2,290. నేను రాసుకున్న 3,680 కాదు.

ఆపరేషన్ జరుగుతుండగా ప్రదీప్ ఫోన్ మోగడం మొదలైంది. కంగ్రాట్స్, కంగ్రాట్స్. ఫోటోగ్రాఫర్ తన పేజీలో పెట్టేశాడు. పెట్టింది ఏ ఫోటో? నొప్పితో వంగిన ముఖం. కింద 'ఆనందబాష్పాలు' అని రాశాడు. లోపల నా పిల్ల కడుపు నిండా రక్తం, బయట జనం చప్పట్లు కొడుతున్నారు. ప్రదీప్ ఫోన్ చేసి తీసెయ్యమంటే, ఏమైందో అడక్కుండానే "రీచ్ బాగా వస్తోందన్నా, సాయంత్రం దాకా ఉంచుదాం" అన్నాడట. ప్రదీప్‌కు ఏడుపొచ్చి మిగతాది చెప్పలేక ఫోన్ పెట్టేశాడు. ఆ క్షణం నాకు కలిగింది కోపం కాదు. ఎంగిలి విస్తరి ముఖానికి తగిలినట్టు అసహ్యం.

పదో తేదీ, ఆదివారం. హారిక కళ్లు తెరిచి మాట్లాడుతోంది. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "ఐదు వారాలకు ట్యూబ్ ఇంత ఉబ్బి ఇట్లా పగలడం నాకు లెక్క సరిపోవట్లేదు. జూలైలో బ్లీడింగ్ ఎన్ని రోజులు?" అంది.

"మూడు" అన్నాను.

హారిక నా వైపు కాకుండా సీలింగ్ వైపు చూస్తూ అంది: "ఒక్క మచ్చ మేడం. ఒక్కసారే. మూడు రోజులు అవ్వ లెక్క."

డాక్టరమ్మ కేస్ షీట్‌లో తేదీ కొట్టేసింది. "అది పీరియడ్ కాదమ్మా. అప్పటికే ప్రెగ్నెన్సీ ఉంది. మొన్న ఎందుకు చెప్పలేదు?"

"అవ్వ చెప్పేసింది గదా మేడం. పెద్దామె రాసిపెట్టుకుని మరీ చెబుతుంటే నేను కాదంటే బాగుండదని."

క్యాలెండర్ ఇంకా నా సంచీలోనే ఉంది. తీసి చూశాను. దానికి ముందు సున్నా జూన్ ఐదు. అక్కడి నుంచి గురువారానికి అరవై మూడు రోజులు. తొమ్మిది వారాలు.

"గర్భసంచి ఖాళీగా ఉండటం చూశాక, తొమ్మిది వారాలని తెలిసి ఉంటే ఆ రోజే అడ్మిట్ చేసేదాన్ని" అంది డాక్టరమ్మ. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఆ క్యాలెండర్‌లో రాసింది పిల్ల ఒంటి సంగతి కాదు, నా ఇంటి ఆచారం. ఒక్క మచ్చకు మూడు రోజుల మైల అంటగట్టి, దాన్నే డాక్టరుకు ఆధారంగా చూపించాను. ఫోటోగ్రాఫర్ ఎవరి బిడ్డనో తెచ్చి మా బిడ్డ అన్నాడు. లేని రెండు రోజుల్ని నేను తెచ్చి ఉన్నాయన్నాను. ఇద్దరిలో ఎవరి పని ఎక్కువ రోతో నేను చెప్పలేను.

నాలుగో రోజు జ్వరం, కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్. హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ రెండు నుంచి ఎనిమిదికి రావడానికి మూడు బాటిళ్ల రక్తం. తొమ్మిది రోజులకు ఇంటికొచ్చాం. వచ్చిన మర్నాడే, సీమంతానికి మేం రాలేదని బంధువులు ఇద్దరు పండ్లూ మిఠాయిలూ పట్టుకొచ్చారు, ఆ ఫోటో చూసి. గుమ్మం దగ్గరే ఆపి సంగతి చెప్పాను. ఒకామె మిఠాయి పెట్టె వెనక దాచుకుంది. ఇంకొకామె "దిష్టి తగిలిందమ్మా" అంది. దిష్టి కాదు, నా లెక్క అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

హారిక నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, మాత్ర ఇస్తే మింగేది, అవ్వా అనేది కాదు.

సెప్టెంబరు రెండు, మంగళవారం అల్లూరులో బస్సెక్కి కావలి వెళ్లాను. పేజీలో ఫోటో తీసేశాడు గానీ, స్టూడియో అద్దాల వెనక అదే ఫోటో నిలువెత్తున వేలాడుతోంది.

నన్ను గుర్తుపట్టాడు. "రండవ్వా. చూడండి, ఈ సంవత్సరం మా బెస్ట్ ఇదే. ఆ ఎక్స్‌ప్రెషన్ ఎవరికీ రాదు."

"అప్పుడే కడుపులో ట్యూబ్ పగిలింది నాయనా. లోపల రక్తం పోతోంది. నువ్వు కదలొద్దన్నావు."

నాకు నేర్పిన ముఖం అతనికి వచ్చింది. కళ్లు పెద్దవయ్యాయి, చెయ్యి నోటికి పోయింది. రిహార్సల్ అవసరం పడలేదు. కుర్చీ వేసుకుని తనే ఫోటో దించాడు, ఫ్రేమ్ విప్పి నా చేతికిచ్చాడు. "నాకు తెలీదవ్వా" అన్నాడు. తెలియదు, నిజమే. అడగలేదు కూడా. నేనూ హారికను అడగలేదు. ఇంటికొచ్చి ఆ కాగితం చించి పొయ్యిలో పెట్టాను. హారిక వాకిట్లో నిలబడి చూసింది.

సెప్టెంబరు ఇరవై, శనివారం. హారిక మళ్లీ బయట చేరింది. నేను పెన్ను తీయలేదు. తనే వచ్చి జాడీ మూత తీసి, గరిటెతో మాగాయ తీసుకుని, "అవ్వా, నీకు వేసేదా?" అంది. వెయ్యమన్నాను. ఇది రాస్తున్న రోజుకు పదకొండు వారాలు. మాగాయ బూజు పట్టలేదు.

ఇప్పుడు హారిక మిషన్ కుడుతోంది, మెట్లు ఎక్కుతోంది. కుడి ట్యూబ్ బాగుందని, ఆరు నెలలు ఆగి చూడొచ్చని, ఈసారి గీతలు కనపడిన వారంలోనే స్కాన్‌కు రావాలని డాక్టరమ్మ చెప్పింది. తేదీలు హారికే తన చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. నాకు చూపించదు.

ఇది చదివే అమ్మలకూ అత్తలకూ ఒక్కటే చెబుతాను. డాక్టరు తేదీ అడిగినప్పుడు మీరు నోరు మూసుకోండి, ఆ పిల్లనే చెప్పనివ్వండి. ఎన్ని రోజులు దూరంగా కూర్చుందో కాదు, ఎన్ని రోజులు, ఎంత కనపడిందో చెప్పాలి. ఒక్క మచ్చయితే ఒక్క మచ్చ అనే చెప్పాలి.

పోయినవి ఇవి. తొమ్మిది వారాల రెండు రోజుల గర్భం, ఒకటి. ఎడమ ట్యూబ్, ఒకటి. రక్తం, లీటరున్నర. ఆసుపత్రిలో రోజులు, తొమ్మిది. హారిక నన్ను అవ్వా అని పిలవని రోజులు, నలభై ఒకటి.